టాలివర్ కౌంటీలో లేని వంతెన

ముంజేరువలస పిల్లలకి తమ ఊరి గెడ్డ, అదే వాగు, ఏ కొండలో పుట్టిందో తెలియదు. కానీ టాలివర్ కౌంటీలో నాలుగు వాగులున్నాయనీ, నాలుగూ ఉత్తరానికే పారతాయనీ, వాటిలో చిన్నదాని పేరు ప్లమ్ క్రీక్ అనీ నిద్రలో లేపి అడిగినా చెబుతారు. టాలివర్ కౌంటీ అమెరికా నడిమధ్యన ఉంది. కౌంటీ అంటే మన మండలం కంటే పెద్దది, జిల్లా కంటే చిన్నది. జనాభా తొమ్మిది వేల ఆరువందల నలభై. పంటలు మొక్కజొన్న, సోయా. కోర్టు భవనం మూడుసార్లు కాలిపోయింది. చూడదగిన ప్రదేశాలు: కోర్టు భవనం.

ఈ చదువు ఊరికే రాలేదు. జిల్లాలో ఒక పెద్దాయన విదేశాలకి వెళ్లి పన్నెండు రోజులుండి వచ్చారు. వచ్చాక బాగా ఆలోచించి, అక్కడి ఊళ్లు బాగున్నాయనీ, మనవి బాగాలేవనీ, దానికి కారణం మనవి అక్కడివాటిలా లేకపోవడమేననీ కనిపెట్టారు. రోగం తెలిశాక మందు ఎంతసేపు? 'ప్రపంచ కవల పథకం' పుట్టింది. ప్రతి మండలానికీ అమెరికాలో ఒక కౌంటీని కవలగా చీటీ తీశారు. ఒక మండలానికి సముద్రపొడ్డున ఉన్న కౌంటీ వచ్చింది. వాళ్లు సముద్రం కోసం దరఖాస్తు పెట్టుకుని ఇప్పటికీ ఎదురు చూస్తున్నారు. నీలంపేట మండలానికి టాలివర్ వచ్చింది. ముంజేరువలస నీలంపేట మండలంలోనిది.

పథకానికి ఒక పుస్తకం అచ్చువేశారు. దాని పేరు 'సారూప్య సాధన కరదీపిక'. అందులో నలభై ఒక్క నియమాలున్నా, అందరికీ నోటికి వచ్చింది ఏడోదే: 'కవలలో లేనిది ఇక్కడ ఉండరాదు. కవలలో ఉన్నది ఇక్కడ లేకపోరాదు.'

అప్పటికి దమయంతి ఎనిమిదో తరగతి. ఎవరైనా పేరు అడిగితే కాలి బొటనవేలికి జవాబు చెప్పే పిల్ల. హాజరు పిలిచినప్పుడు ఆమె పలికిన 'ప్రెజెంట్' పక్క పిల్లకి కూడా వినపడక, సోషల్ చెప్పే లోకనాథం మాస్టారు రెండుసార్లు ఆబ్సెంట్ వేసేశారు. నోటితో చెప్పలేనివన్నీ ఆమె ఒక నోట్‌బుక్కులో రాసుకునేది. ఆ పుస్తకంలో ఎక్కువ పేజీలు గెడ్డవే.

ఊరికీ బడికీ నడుమ ఆ గెడ్డ ఉంది. ఎండాకాలం మోకాలి లోతు. వానాకాలం మనిషి లోతు. చుట్టూ తిరిగి వెళ్తే పదకొండు కిలోమీటర్లు. ఏటా జ్యేష్ఠంలో ఊరివాళ్లు నాలుగు తాటిదుంగలు అడ్డంగా వేసి, వాటి మీద తాటాకులు పరిచి, మట్టి మెత్తేవారు. దుంగలు వేశాక మనుషులెవరూ ముందు అడుగు పెట్టరు. దమయంతి నాన్నమ్మ ఎర్రమ్మ తన గేదె బుల్లెమ్మని తోలుకొస్తుంది. బుల్లెమ్మ ముక్కుతో దుంగని వాసన చూస్తుంది, ఒక కాలు వేస్తుంది, తీస్తుంది, మళ్లీ వేస్తుంది. అది అవతలి గట్టుకి చేరిందంటే ఆ ఏటికి వంతెన పాసయినట్టే. అది వెనక్కి తిరిగిందంటే మళ్లీ మట్టి మెత్తాలి. బుల్లెమ్మ తల్లి, అమ్మమ్మ కూడా ఇదే ఉద్యోగం చేశాయి. వాటి మాట ఎన్నడూ పొల్లుపోలేదు. కాకపోతే శ్రావణంలో పెద్ద గెడ్డ వచ్చి దుంగలన్నీ పట్టుకుపోయేది. అది బుల్లెమ్మ తప్పు కాదు.

ఆ తర్వాత రెండు నెలలు దమయంతి పుస్తకంలో రెండే వాక్యాలు. 'గెడ్డ వచ్చింది. బడి లేదు.'

పథకం వచ్చిన మొదటి వారంలోనే లోకనాథం మాస్టారు మన మండలం పటం దింపి, టాలివర్ పటం తగిలించారు.

"మాస్టారూ, మరి మన మండలం పాఠమండీ?" అని ముందు బెంచీ పిల్ల అడిగింది.

"రద్దయిపోనాదమ్మా. పరీక్షకి రాదు."

"మరి మన మండలం ఉంటాదాండీ?"

మాస్టారు కరదీపిక తిరగేసి, "దాని గురించి ఇందులో ఏటీ రాయలేదు" అన్నారు.

భూగోళం అలా కుదిరింది గానీ చరిత్రతో చిక్కు వచ్చింది. టాలివర్ చరిత్రలో గొప్ప సంఘటన ఒక్కటే. నూట యాభై ఏళ్ల కిందట కౌంటీ కచేరీ తమ ఊళ్లోనే ఉండాలని రెండు ఊళ్లు కొట్లాడుకుని, ఒక ఊరివాళ్లు కాగితాలన్నీ ఎడ్లబళ్ల మీద వేసుకుని తమ ఊరికి పట్టుకుపోయారట. నీలంపేటకి అలాంటి చరిత్ర లేదు. లేదంటే కుదరదు. పథకం అమలుకి ప్రత్యేకాధికారిగా వచ్చిన దివాకర పట్నాయక్ గారు ఒక సోమవారం పదకొండు గంటలకి మండలాఫీసు ముందు షామియానా వేయించి, ఆరు ఎడ్లబళ్లు రప్పించి, బీరువాల్లోని కాగితాలన్నీ ఎత్తించి పక్క ఊరికి పంపించారు.

"సోదరులారా, ఈనాడు మనం చరిత్ర సృష్టించడం లేదు. చరిత్ర లేని లోటును పూడ్చుకుంటున్నాము" అని ఉపన్యసించారు. తీసుకుపోయేవాళ్లకి మజ్జిగ, అడ్డుపడేవాళ్లకి టీ ఏర్పాటు చేశారు. అడ్డుపడటానికి నియమించిన ఇద్దరు గుమాస్తాలు టీ తాగి వచ్చేసరికి బళ్లు వెళ్లిపోయాయి. దాంతో చరిత్ర అచ్చం అమెరికాలో జరిగినట్టే జరిగింది. అప్పటి నుంచి జనన ధ్రువపత్రం కావాల్సినవాళ్లు నీలంపేట వెళ్తే పక్క ఊరికి పొమ్మంటారు. పక్క ఊరు వెళ్తే, కాగితాలున్నాయి గానీ సంతకం పెట్టే సారు నీలంపేటలో ఉన్నారంటారు.

టాలివర్ కోర్టు భవనం మీది గడియారం ఏదో గాలివానలో నాలుగూ ఇరవైకి ఆగిపోయిందట. మర్నాడే మండలాఫీసు గడియారాన్ని నాలుగూ ఇరవై దగ్గర ఆపించారు. ఐదింటికి ఇంటికి పోవాల్సిన ఉద్యోగులు ఐదు ఎప్పటికీ కాదని గోలపెట్టారు. పదింటికి రావాల్సిన అవసరం కూడా ఇక ఎప్పటికీ రాదని ఎవరో లెక్క చెప్పాక ఊరుకున్నారు.

ఇవన్నీ విని ముంజేరువలసలో నవ్వుకున్నారు. నవ్వు ఆగిపోయింది ఎప్పుడంటే, శ్రావణంలో గెడ్డ వచ్చినప్పుడు.

అంతకుముందు గెడ్డ వచ్చిన రోజుల్లో ఆ ఊరి ఇరవై ముగ్గురు పిల్లలకి మాస్టార్లు జాలిపడి సెలవు రాసేవారు. ఇప్పుడలా కుదరదు. టాలివర్ సెలవుల జాబితాలో గెడ్డ సెలవు లేదు, మంచు సెలవులు తొమ్మిదున్నాయి. అందుకని శ్రావణంలో ఇరవై ముగ్గురికీ ఆబ్సెంట్ పడింది. జనవరిలో టాలివర్‌లో మంచు కురిసినందుకు తొమ్మిది రోజులు బడి మూసేశారు. పిల్లలు ఆ తొమ్మిది రోజులూ ఎండలో కబడ్డీ ఆడి చెమటలు కక్కారు.

తొమ్మిదో తరగతిలోనూ అదే వరస. సెప్టెంబరు రెండున దుంగలు కొట్టుకుపోయాయి. నెలాఖరుకి దమయంతి హాజరు చూసి, వాళ్ల నాన్న సింహాద్రి చుట్ట ఆర్పేశాడు. తర్వాత అన్నాడు.

"చూడే గుంటా. వచ్చే ఏడు పది. హాజరు లేకపోతే పరీక్షకి కూకోనివ్వరట. కూకోనివ్వని పరీక్షకి సదవడమెందుకు? గెడ్డ ఇలాగే ఉంటే నిన్ను పలాస పిన్ని కాడికి పంపీస్తాను. జీడిపిక్కలు కొట్టుకుందువు గాని."

పిన్ని వేళ్లు దమయంతికి తెలుసు. జీడి రసానికి నల్లగా కమిలిపోయి, కొసలు పగిలి ఉంటాయి. ఆ రోజు పుస్తకంలో ఒక మాటే రాసింది. 'పలాస.'

లోకనాథం మాస్టారికి సంగతి తెలిసి, ఆయనే వంతెన కోసం అర్జీ రాసిచ్చారు. ఆ అర్జీ పట్టుకుని సింహాద్రి, ఎర్రమ్మ, వాళ్ల వెనక దమయంతి పదకొండు కిలోమీటర్లు చుట్టూ తిరిగి మండలాఫీసుకి వెళ్లారు. అక్కడ టైము నాలుగూ ఇరవై అయింది.

పట్నాయక్ గారు మర్యాదస్తులు. ముగ్గురికీ కుర్చీలు వేయించి, అర్జీ రెండుసార్లు చదివారు.

"మీ ఆవేదనను సూత్రప్రాయంగా గుర్తిస్తున్నాము. అయితే ముందుగా గమనించవలసినది ఏమనగా, మీరు గెడ్డ అంటున్నది గెడ్డ కాదు. సారూప్య దృక్కోణం నుంచి అది ప్లమ్ క్రీక్‌కు తత్సమానం."

"ఏటైతే ఏటి బాబూ, బడికెల్లే గుంటలు మునిగిపోతన్నారు" అంది ఎర్రమ్మ.

"మునుగుతున్నారా?" పట్నాయక్ గారు కంగారుగా ఒక ఫైలు తిరగేశారు. "ప్లమ్ క్రీక్‌లో ఎవరూ మునిగిన దాఖలా లేదే!"

"అక్కడ దాటీవోళ్లు లేరేమో బాబూ."

"ఇది ముఖ్యమైన పరిశీలన" అని ఆయన ఆ మాట కాగితం మీద రాసుకున్నారు. తర్వాత గోడ మీది టాలివర్ పటం దగ్గరికి తీసుకువెళ్లి, భూతద్దం దమయంతి చేతికిచ్చి, ప్లమ్ క్రీక్ పొడుగునా వేలు నడిపించారు. "చూడమ్మా. ఎక్కడైనా వంతెన గుర్తు కనిపిస్తోందా? లేదు. కవలలో లేనిది ఇక్కడ ఉండరాదు. నేనిక్కడ వంతెన కట్టించానంటే, అక్కడివాళ్లకి మనం తోబుట్టువులం కాకుండా పోతాం."

"మరి ఆళ్లు కట్టుకుంటేనో?" అన్నాడు సింహాద్రి.

"అక్కడ వంతెన లేచిన మర్నాడే ఇక్కడ మంజూరు. ఆ పూటకి ఆ పూటే సంతకం. ఇది నా మాట కాదు, ఏడో నియమం."

తిరిగి వచ్చేటప్పుడు ఎర్రమ్మ దారి పొడుగునా గొణుగుతూనే ఉంది. "ఆళ్లింట పిల్ల పుడితే మనింట పురుడు సేత్తారట. సోద్యం కాపోతే ఏటిది!"

దమయంతి మాత్రం ఆ మాటే పట్టుకుంది. అక్కడ వంతెన లేచిన మర్నాడే.

పథకంలో 'కవల లేఖ' అని ఒకటుంది. నెలకొక విద్యార్థి టాలివర్‌కి ఇంగ్లీషులో ఉత్తరం రాయాలి. నమూనా కరదీపికలోనే ఇచ్చారు. 'మేము క్షేమం. మా వాతావరణం బాగుంది. మీ వాతావరణం ఎలా ఉంది?' పద్నాలుగు నెలలుగా పద్నాలుగు మంది అదే రాశారు. 'మా వాతావరణం కూడా బాగుంది' అని పద్నాలుగు జవాబులు వచ్చాయి. ఇక్కడ తుఫాను వచ్చిన నెలలో కూడా మన వాతావరణం బాగానే ఉంది.

ఆ నెల వంతు అడిగి మరీ తీసుకుంది దమయంతి. అడిగింది కూడా చీటీ మీద రాసే. మాస్టారు చీటీ చదివి ఆమె ముఖం చూసి, ఇంకేమీ అడక్కుండా కవరు ఇచ్చారు. ఆమె వాతావరణం గురించి రాయలేదు. 'ప్లమ్ క్రీక్ మీద వంతెన ఎందుకు లేదు? మీ పిల్లలు బడికి ఎలా వెళ్తారు?' అని రెండు ముక్కలు రాసి, కింద ముంజేరువలస గెడ్డ బొమ్మ వేసింది.

జవాబు మూడు వారాలకి వచ్చింది. ఈసారి అచ్చు కాగితం కాదు, చేత్తో రాసిన మూడు పేజీలు. రాసినావిడ పేరు లొరేన్ హాగ్. టాలివర్ లైబ్రరీ చూసుకునే డెబ్బై ఏళ్ల ముసలావిడ. మాస్టారు క్లాసు అయ్యాక దమయంతికి తెలుగులో చదివి చెప్పారు.

'అమ్మాయీ, మీరు చదువుతున్న మా కౌంటీ చరిత్ర పుస్తకం నేను రాసిందే. దాన్ని ఇక్కడ ఎనిమిది మంది కొన్నారు, అందులో ఇద్దరు మా చెల్లెళ్లు. మీ మండలంలో ఆరువేల మంది పిల్లలు దాన్ని బట్టీపట్టారని తెలిసిన దగ్గర్నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. అరవై రెండో పేజీలో ఒక తేదీ తప్పు పడింది. దయచేసి అందరికీ చెప్పు.

ప్లమ్ క్రీక్ సంగతి అడిగావు. వంతెన లేదు. మంచు కరిగినప్పుడు వాగు పొంగుతుంది. అవతల ఉన్న ఐదిళ్ల పిల్లల్ని తీసుకువచ్చే బడి బస్సు గట్టు మీదే ఆగిపోతుంది. ముప్పై ఏళ్లుగా అడుగుతున్నాం. గత ఏడు కట్టడానికి సిద్ధమయ్యారు కూడా. ఇంతలో మీతో కవల ఒప్పందం వచ్చింది. కవల మండలంలో అలాంటిది ఉందో లేదో తేలేదాకా ఏమీ కట్టకూడదని మా కమిటీ తీర్మానించింది. అందుకని నిన్నే అడుగుతున్నాను. ఆ చోట మీకు వంతెన ఉందా?'

లోకనాథం మాస్టారు కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. "అయితే అక్కడ కూడా ఒక పట్నాయక్ గారున్నారన్నమాట" అన్నారు.

ఈ కబురు ఊళ్లోకి వెళ్లగానే అందరూ దమయంతి ఇంటి ముందు పోగయ్యారు. ఆమెకి ఇంతమంది ఎదుట ఊపిరి తీసుకోవడమే కష్టం.

"అడిగినారు కదే, ఉందని రాసీ!" అన్నాడు సింహాద్రి. "ఒక్క ముక్క. అమెరికా నుంచొచ్చి సూత్తారేటి?"

దమయంతి బొటనవేలితో నేల మీద గీతలు గీసింది. "లేదు కదా నాన్నా. కొట్టుకుపోయింది కదా."

"జేష్టంలో ఉండీది కాదేటి?"

"ఇప్పుడు ఉందా అని అడిగిందావిడ. అబద్ధం రాయలేను." ఇంత పొడుగు మాట ఆమె నోట వినడం చాలామందికి అదే మొదలు. అంతటితో ఊరుకోకుండా ఇంకో మాట కూడా అంది. "ముందు వెయ్యండి. తర్వాత రాస్తాను."

"కార్తీకంలో వంతెనేటే? గెడ్డ తగ్గిపోయే రోజులు! ఒక్క ముక్క రాయడానికి నాలుగు తాటిదుంగలు మొయ్యాలేటే మేం?"

ఎర్రమ్మ అరుగు మీంచి లేచింది. "మోస్తే అరిగిపోతావేటిరా? మొన్న ఆఫీసోళ్లు ఆరు బళ్ల కాయితాలు ఊరికే అటూ ఇటూ తిప్పినారు. మనం నాలుగు దుంగలు తిప్పలేమా? లే. బుల్లెమ్మని తోలుకొస్తాను."

కాలం కాని కాలంలో ముంజేరువలస గెడ్డ మీద వంతెన లేచింది. బుల్లెమ్మకి ఇదేమీ నచ్చలేదు. క్యాలెండరు తప్పిందన్నట్టు చాలాసేపు దుంగని వాసన చూసింది. చివరికి దాటింది. ఆ సాయంత్రమే దమయంతి జవాబు రాసింది.

'ఉంది. నాలుగు తాటిదుంగలు, తాటాకులు, మట్టి.' తర్వాత, ఏమీ దాచలేదని తెలియడం కోసం, తన పుస్తకంలోంచి ఆ ఏడు జ్యేష్ఠం నుంచి ఆ చోట దుంగలు మోసినవన్నీ వరసగా ఎక్కించింది. ఒక గేదె, దాని దూడ. ఇరవై ముగ్గురు పిల్లలు, సంచులతో. ఒక పెళ్లివారి గుంపు, తప్పెటగుళ్లవాళ్లతో సహా. పెళ్లికూతురి బీరువా, మోసిన ఎనిమిది మంది. ధాన్యం బస్తాలు డెబ్బై. దుంగల పక్కన తను పాతిన చెక్కపలక బొమ్మ కూడా వేసి, దాని మీది మాట తెలుగులోనే రాసింది. నాన్నమ్మ నియమం అది. 'ఒక్కసారికి ఒక గేదె మాత్రమే.'

తర్వాత జవాబు లేదు. నవంబరు పోయింది. డిసెంబరు పోయింది. తొమ్మిది రోజులు మంచు సెలవులు వచ్చి వెళ్లాయి. సింహాద్రి పలాసకి ఫోన్ చేసి, పిక్కల బట్టీలో జూన్ నుంచి చోటుందా అని మరదలిని అడగడం దమయంతి విన్నది.

ఫిబ్రవరి చివర్లో కవరు వచ్చింది. లోపల ఒక ఉత్తరం, ఒక ఫోటో.

'నీ ఉత్తరం కమిటీలో చదివాను' అని రాసింది లొరేన్ హాగ్. 'కవల మండలంలో వంతెన ఉంది కాబట్టి ఇక్కడా ఉండితీరాలని ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. తాటిదుంగల కోసం వెతికారు. మా కౌంటీలో ఉన్న తాటిచెట్టు ఒక్కటే, అది పళ్ల డాక్టరు గారి వరండాలో ఉంది, ప్లాస్టిక్‌ది. సరే, దుంగలు కాకపోయినా దుంగలు మోసినంత బరువు మోస్తే చాలన్నారు. మా ఇంజనీరు నీ జాబితా తీసుకున్నాడు. అతను జాగ్రత్తపరుడు. గేదె, దూడ, ఇరవై ముగ్గురు పిల్లలు, పెళ్లివారు, తప్పెట్లు, బీరువా, డెబ్బై బస్తాలు, అన్నీ ఒకేసారి వంతెన మీదికి వస్తే ఏమవుతుందని లెక్క కట్టాడు. కాంక్రీటు తప్ప ఆగదని తేలింది. తొంభై ఆరు రోజుల్లో కట్టేశాం. ఫోటో పంపుతున్నాను.'

ఫోటోలో బూడిదరంగు వాగు మీద తెల్లటి కాంక్రీటు వంతెన, రెండు పక్కలా గోడలు. ఉత్తరం అంతా అయ్యేసరికి మాస్టారు చెక్కబల్ల మీద కూలబడి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వారు.

సింహాద్రి, లోకనాథం మాస్టారు మండలాఫీసుకి పట్టుకెళ్లిన ఫోటో చూసి పట్నాయక్ గారు లేచి నిలబడ్డారు. ఆయన మాట తప్పే మనిషి కాదు. "కవలలో ఉన్నది ఇక్కడ లేకపోరాదు! ఇప్పటికే మనం ఒక వంతెన వెనకబడి ఉన్నాము" అని కలం తీశారు. తీసి, ఆగారు. "ఒక సాంకేతిక ఇబ్బంది ఉంది. ప్లమ్ క్రీక్ ఉత్తరానికి పారుతుంది. మీ గెడ్డ తూర్పుకి పారుతోంది. ముందు గెడ్డ దిక్కు మార్చాలి. దానికి వేరే శాఖ అనుమతి..."

లోకనాథం మాస్టారు నెమ్మదిగా గోడ దగ్గరికి వెళ్లి, టాలివర్ పటం పక్కనున్న మన మండలం పటాన్ని మేకు మీద పక్కకి తిప్పి తగిలించారు. తూర్పు పైకి వచ్చింది.

"ఇప్పుడు చూడండి సార్. పైకే పారుతోంది."

పట్నాయక్ గారు తల అటు వంచి చూశారు, ఇటు వంచి చూశారు. "ఆఫీసు పటం ప్రకారం ఉత్తరమే" అని ఒప్పుకుని సంతకం పెట్టారు. అప్పటి నుంచి నీలంపేట మండలాఫీసులో సూర్యుడు ఉత్తరాన ఉదయిస్తాడు.

అక్కడ తొంభై ఆరు రోజులు పట్టింది కాబట్టి ఇక్కడా తొంభై ఆరు రోజులే పట్టాలన్నారు. పని తొంభై ఐదో రోజుకి అయిపోతే, ఆఖరి తట్ట సిమెంటు పక్కన పెట్టి, ఒక రోజు కూర్చుని, మర్నాడు వేశారు. ఫోటోలో ఉన్నది ఉన్నట్టు అన్నీ వచ్చాయి. గోడలు, గోడలకి తెల్ల రంగు, ఈ చివర పసుపుపచ్చ హెచ్చరిక బోర్డు. అందులోని అక్షరాలు భూతద్దంతో చదివి తెలుగు చేయించారు.

'మంచు పడినప్పుడు రోడ్డు కంటే ముందు వంతెన గడ్డకట్టును. జారుదురు, జాగ్రత్త.'

జూలై మొదటివారం ప్రారంభోత్సవం. కింద గెడ్డ ఎర్రగా, నిండుగా పారుతోంది. పట్నాయక్ గారు రిబ్బను కత్తిరించి, "రండి, దాటండి!" అన్నారు. ఊరంతా గట్టు మీద ఉంది. ఒక్కరూ కదల్లేదు.

"ఏమిటిది? ఏం సందేహం?"

"బుల్లెమ్మ రావాల బాబూ" అన్నాడు సింహాద్రి.

"ఎవరామె? ఆహ్వానితుల జాబితాలో లేరే?"

ఎర్రమ్మ గేదెని తోలుకొచ్చింది. బుల్లెమ్మ సిమెంటు వాసన చూసింది. ఒక కాలు వేసింది, తీసింది. బోర్డు కేసి చూసింది. "అందులో ఏటి రాసినారే?" అని ఎర్రమ్మ మనవరాలిని అడిగింది.

"మంచు పడితే జారిపోతామట నాన్నమ్మా."

"అవునా! అయితే మెల్లిగా ఎల్లవే తల్లీ, జారిపోగలవు" అని ఎర్రమ్మ గేదె వీపు తట్టింది. చెమట తుడుచుకుంటూ ఊరంతా ఊపిరి బిగబట్టి చూసింది. బుల్లెమ్మ నడుమ ఒక్కచోట ఆగి, తన అధికారిక ముద్ర ఒకటి పెద్దగా వేసి, అవతలి గట్టెక్కింది. దాని వెనకే, చూసుకుని కాలు వేస్తూ, పట్నాయక్ గారు దాటారు. ఆయన వెనక ఇరవై ముగ్గురు పిల్లలు.

ఆ రోజు పదో తరగతి హాజరు పిలిచినప్పుడు, దమయంతి 'ప్రెజెంట్' అన్న మాట పక్క గదిలోకి కూడా వినపడింది. ఇంటి దగ్గర సింహాద్రి పలాసకి ఫోన్ చేసి, పిక్కల బట్టీలో చోటు ఇంకెవరికైనా ఇచ్చేయమన్నాడు.

ఆగస్టులో టాలివర్ నుంచి ఇంకో ఫోటో వచ్చింది. మీరు పంపిన ప్రారంభోత్సవం ఫోటో చూసి మా వంతెనకి కూడా మళ్లీ ప్రారంభోత్సవం చెయ్యాల్సి వచ్చింది, కవలలో జరిగింది ఇక్కడ జరగకపోతే ఎలా, అని రాసింది లొరేన్ హాగ్. వంతెన చివర కొత్త బోర్డు ఒకటి పాతారు. దాని మీద దమయంతి చేతిరాత ఉంది, వంకర 'గే'తో సహా, ఎవరో తెలియని భాషని గీతగీతా దించినట్టు. 'ఒక్కసారికి ఒక గేదె మాత్రమే.' బోర్డు పక్కన టోపీలు పెట్టుకున్న జనం వరసగా నిలబడి ఎదురు చూస్తున్నారు. వంతెన మీద ఒక్క జంతువే ఉంది.

ఎర్రమ్మ ఫోటోని కంటికి దగ్గరగా పెట్టుకుంది. "ఇదేటే, గేదె తెల్లగుంది?"

"గేదె కాదు నాన్నమ్మా, ఆవు. వాళ్ల దగ్గర గేదెలు దొరకలేదట."

ఎర్రమ్మకి అది అంత నమ్మకంగా తోచలేదు. ఈ పనిలో ఆవుల అనుభవం ఏపాటిదో ఆమెకి తెలియదు.

"దాటిందా?"

"దాటింది."

"మజ్జిలో ఆగిందా?"

దమయంతి ఉత్తరం మళ్లీ చూసింది. "ఆగిందట. పని కూడా చేసిందట."

"అయితే పరవాలేదు" అంది ఎర్రమ్మ, ఫోటో తిరిగి ఇచ్చేస్తూ. "ఆళ్ల గుంటలు కూడా బడికెల్లొచ్చని రాసీ."